రెండో జవాబు ఎక్కడ దాచాలి?

తెర మీద అభిమన్యుడి పేరుతో ఒక కార్డు ఉందనుకుందాం. ఒక బొమ్మ, నాలుగు వాక్యాల పరిచయం, కింద ‘మేనమామ’ అని ఒక బటన్. నొక్కితే ఎటు వెళ్లాలి? కార్డు తయారుచేసినవాడు ముందే గీసిపెట్టిన దారి ఉంటే అటే వెళ్తుంది. ఆ దారి కృష్ణుడికి గీసి ఉంటే బలరాముడు మిగిలిపోతాడు, బలరాముడికి గీసి ఉంటే కృష్ణుడు మిగిలిపోతాడు. అలా గీయకుండా, అభిమన్యుడి తల్లి సుభద్ర అనీ, ఆమెకు వీళ్లిద్దరూ అన్నలనీ చెప్పి, తల్లికి అన్న అయినవాడు మేనమామ అని ఒక సూత్రం రాసిపెడితే దారి దానంతట అదే తేలుతుంది. మొదటిది హైపర్‌మీడియా పద్ధతి, రెండోది తర్క ప్రోగ్రామింగ్ పద్ధతి. ఈ రెంటికీ ఒక మామూలు పర్సనల్ కంప్యూటర్‌లో పెళ్లి చేయాలన్న ఆలోచన 1980ల చివర్లో మొదలైంది. అందుకు తర్క ప్రోగ్రామింగ్ భాష అయిన ప్రోలాగ్ రూపాల్లో దేన్ని తీసుకోవాలి అన్న ప్రశ్న అప్పుడు ఎంత చిక్కుగా ఉందో ఇప్పుడూ అంతే చిక్కుగా ఉంది. వేగం ఎంత, ధర ఎంత, ఎంత మెమరీ తింటుంది, మాన్యువల్ బాగుందా అని చూసి ఎంచుకోవడం రివాజు. అవన్నీ చూడాల్సినవే. కానీ వాటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దానికి వచ్చే సమాధానంతోనే ఎంపిక చాలావరకు తేలిపోతుందని నా వాదన. మొదటి జవాబు మన చేతికిచ్చాక, ఈ పనిముట్టు రెండో జవాబును ఎక్కడ దాచుకుంటుంది?

అసలు హైపర్‌మీడియాకు తర్కంతో పనేం పడింది? 1987 ఆగస్టులో ఆపిల్ సంస్థ బిల్ అట్కిన్సన్ రాసిన హైపర్‌కార్డ్‌ను కొత్త మెకింటాష్‌లతో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఏడాదే ఎడిన్‌బరా కంపెనీ ఒకటి, కెంట్ విశ్వవిద్యాలయంలో పీటర్ బ్రౌన్ రూపొందించిన గైడ్‌ను మెకింటాష్ మీదికి తెచ్చింది. 1990లో విండోస్ 3.0 వచ్చింది, ఆ ఏడాదే పాల్ ఆలెన్ స్థాపించిన అసిమెట్రిక్స్ నుంచి టూల్‌బుక్ వచ్చింది. వీటితో ప్రోగ్రాములు రాయడం రానివాళ్లు కూడా కార్డులు పేర్చి లంకెలు కట్టగలిగారు. కట్టడం తేలిక, కాపాడుకోవడమే కష్టం. పది కార్డుల్లో ప్రతిదాన్నీ మిగతా అన్నిటికీ కలపాలంటే 90 లంకెలు, వంద కార్డులైతే 9,900. నిజమే, అన్నిటినీ అన్నిటితో కలపాల్సిన అవసరం ఎవరికీ రాదు. అయినా వేటిని కలపాలో తేల్చేది మనిషే, ఒక కార్డు తీసేశాక తెగిన దారాలు వెతుక్కోవాల్సిందీ మనిషే. జెఫ్ కాంక్లిన్ 1987 సెప్టెంబరులో ఐఈఈఈ ‘కంప్యూటర్’ పత్రికలో రాసిన సర్వేలో హైపర్‌టెక్స్ట్‌కు రెండు జబ్బులు ఉన్నాయన్నారు. ఒకటి చదివేవాడు దారి తప్పడం, రెండోది ఏ లంకె పెట్టాలి, ఏది పట్టుకు వెళ్లాలి అన్న ఆలోచనే పెద్ద బరువైపోవడం. జిరాక్స్ పార్క్‌లో నోట్‌కార్డ్స్‌ను తయారుచేసినవారిలో ఒకరైన ఫ్రాంక్ హలాస్, మరుసటి ఏడాది రాసిన వ్యాసంలో రాబోయే తరం హైపర్‌మీడియా తీర్చాల్సిన సమస్యలు ఏడు లెక్కపెట్టారు. వాటిలో కనీసం మూడు మన సంగతే: లంకెల అల్లికను ప్రశ్నించగలగడం, ముందే గీయకుండా అడిగినప్పుడే పుట్టే నిర్మాణాలు, అల్లిక లోపలే లెక్కకట్టగల యంత్రం. ఆయన ప్రోలాగ్ కోసం ప్రకటన రాయలేదు గానీ, రాసినా దాదాపు ఇలాగే రాసేవారేమో.

ప్రోలాగ్ ఇచ్చేదేమిటో దగ్గరి నుంచి చూద్దాం. అభిమన్యుడి కార్డుకు కావలసింది ఇంతే:

తల్లి(సుభద్ర, అభిమన్యుడు).
అన్న(బలరాముడు, సుభద్ర).
అన్న(కృష్ణుడు, సుభద్ర).
మేనమామ(_మామ, _బిడ్డ) :- తల్లి(_అమ్మ, _బిడ్డ), అన్న(_మామ, _అమ్మ).

మొదటి మూడూ సంగతులు, నాలుగోది నియమం. ‘అమ్మ ఎవరో కనుక్కో, ఆమెకు అన్న ఎవరో కనుక్కో, అతడే మామ’ అని చదువుకోవాలి. తమ్ముడైనా మేనమామే కాబట్టి ఇంకో వరుస చేరిస్తే ఆ లోటూ తీరుతుంది. పేర్ల ముందున్న ఆ అడ్డగీతల గురించి ఒక మాట. ప్రోలాగ్‌లో పేరు పెద్దబడి అక్షరంతోగానీ అడ్డగీతతోగానీ మొదలైతే అది విలువ తేలాల్సిన చరరాశి, లేకపోతే స్థిరమైన పేరు. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు కాబట్టి మనకు అడ్డగీత ఒక్కటే దిక్కు. మన చుట్టరికాలు ఈ పనికి భలే కుదురుతాయి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు తాత, మనవడు దగ్గరే ఆగిపోతాయి. మనకు మేనమామ కూతురు మరదలు, మేనత్త కొడుకు బావ, వయసు తేడాతో బావ కాస్తా బావమరిది. కుంతి వసుదేవుడికి తోబుట్టువు అన్న సంగతి చేరిస్తే కృష్ణార్జునుల బావామరదుల వరస తేలుతుంది. శశిరేఖ బలరాముడి కూతురని చేరిస్తే ‘మాయాబజార్’ చూసినవాళ్లందరికీ తెలిసిన మరదలి వరస అదే పుట్టుకొస్తుంది. ఒక మనిషిని చేర్చడానికి ఒకటి రెండు వరుసలు చాలు, లంకెలు వాటంతట అవే పెరుగుతాయి. 9,900 లెక్కకు విరుగుడు ఇదే.

ఇక చిక్కు. ‘అభిమన్యుడికి మేనమామ ఎవరు’ అంటే ప్రోలాగ్ ముందు బలరాముడని చెప్పి ఊరుకోదు. ఇంకా అన్నలు ఉండవచ్చు గనుక వచ్చిన దారిలో ఒక గుర్తు పెట్టుకుని ఆగుతుంది. ‘ఇంకా?’ అంటే ఆ గుర్తు దగ్గరికి వెనక్కి మళ్లి కృష్ణుణ్ణి తెస్తుంది. దీన్నే బ్యాక్‌ట్రాకింగ్ అంటాం. ప్రోలాగ్ ప్రాణమంతా ఆ వెనక్కి మళ్లడంలోనే ఉంది. కార్డుల ప్రపంచం స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ ఒక నొక్కు జరుగుతుంది, దానికి రాసిన నాలుగు వరుసల స్క్రిప్టు నడుస్తుంది, అయిపోతుంది. మరో నొక్కు దాకా అంతా నిద్ర. ఆ నిద్రలో ప్రోలాగ్ పెట్టుకున్న గుర్తు ఎక్కడుంటుంది? హైపర్‌కార్డ్ విషయం తీసుకుంటే ఇది ఊహాగానం కాదని అర్థమవుతుంది. బయటి కోడ్‌ను పిలవడానికి అది ఎక్స్‌సీఎండీ, ఎక్స్‌ఎఫ్‌సీఎన్ అనే తలుపులు పెట్టింది. పాస్కల్‌లోనో సీలోనో రాసిన చిన్న కోడ్‌ముక్కకు 16 వరకు వాక్యఖండాలు పంపవచ్చు, తిరిగి ఒక్క వాక్యఖండం తీసుకోవచ్చు. ఆ ముక్క మధ్యలో హైపర్‌కార్డ్‌ను పిలిచి ఫీల్డులో ఏముందో అడగగలదు కూడా. కానీ పని ముగించి వెనక్కి వచ్చాక దాని సొంత జ్ఞాపకం నిలవడం కష్టం, గ్లోబల్ చరరాశులు పెట్టుకోవడమే పెద్ద తిప్పలు. వెళ్లేవాడు గుమ్మం దాటగానే తన పేరే మరిచిపోయే చోట, రెండో జవాబు ఎవరిని అడగాలి?

ఈ కొలబద్దతో ఆ కాలపు సరుకును చూస్తే పేరుప్రతిష్ఠలు తారుమారవుతాయి. అప్పట్లో అందరి నోటా ఉన్నది బోర్లాండ్ 1986లో అమ్మకానికి పెట్టిన టర్బో ప్రోలాగ్. తయారుచేసింది డెన్మార్క్‌కు చెందిన ప్రోలాగ్ డెవలప్‌మెంట్ సెంటర్. వంద డాలర్ల లోపు ధర, కళ్లు తిరిగే వేగం, డాస్‌లో సొంతంగా నడిచే ప్రోగ్రాము తయారుచేసి ఇచ్చే సౌకర్యం. ఆ వేగం ఎలా వచ్చిందో చూస్తే ఉత్సాహం సగానికి సగం తగ్గుతుంది. ఏ సంగతిలో ఏ రకం విలువలు వస్తాయో ముందే ప్రకటించాలి. ప్రోగ్రాము నడుస్తుండగా కొత్త సంగతులు చేర్చవచ్చు గానీ కొత్త నియమాలు చేర్చలేం. ఒక ప్రశ్నను విలువగా అటూ ఇటూ తిప్పి, తర్వాత అడగమని చెప్పలేం. ప్రోగ్రామ్ రచయిత అన్నీ ముందే ఊహించగల పనికి ఇది బాగుంటుంది. కానీ హైపర్‌మీడియాలో కార్డు తయారుచేసేవాడు ఒక మనిషి, ప్రోలాగ్ రాసేవాడు ఇంకో మనిషి, చదువుతూ ‘నాకు ఈ వరస కూడా చూపించు’ అనేవాడు మూడో మనిషి. నియమం ఎప్పుడు ఎవరు చేరుస్తారో తెలియని చోట నియమాల్ని కంపైలర్‌లో పాతిపెట్టిన పనిముట్టు, ఎంత వేగమైనదైనా, పనికిరాదు. అమెరికా నుంచి వచ్చిన అరిటీ ప్రోలాగ్, లండన్‌లోని లాజిక్ ప్రోగ్రామింగ్ అసోసియేట్స్ డాస్‌కు ఇచ్చిన ప్రోలాగ్ ఈ విషయంలో సంప్రదాయానికి కట్టుబడ్డాయి. వాటికి డాస్ మెమరీకి ఉన్న 640 కిలోబైట్ల గోడ అడ్డు, పక్కన డాస్‌లో నడిచే మంచి హైపర్‌మీడియా లేకపోవడం ఇంకో అడ్డు. అదే లండన్ సంస్థ మెకింటాష్‌కు తయారుచేసిన మాక్‌ప్రోలాగ్‌లో కిటికీలు, మెనూలు, బొమ్మలు ప్రోలాగ్‌తోనే గీయవచ్చు. అక్కడ ప్రోలాగే ఇంటి యజమాని, తెర దాని పనివాడు. గుర్తులు ఎక్కడికీ పోవు. కానీ హైపర్‌కార్డ్‌లో చేసిన అందమైన కార్డుల్ని వదులుకుని ప్రతి బొమ్మనూ మళ్లీ ప్రోలాగ్‌లో గీసుకోవాలి. పంతులమ్మ చేసిన కార్డుల్ని పక్కన పడేసి ప్రోగ్రామర్ గీసిన పెట్టెలు చూపించమంటే బడి ఒప్పుకోదు.

ప్రోలాగ్ హైపర్‌మీడియా ఇంటికి అతిథిగా రావడం ఒక దారి, తానే యజమాని కావడం రెండో దారి. మూడో దారి ఇరుగుపొరుగు దారి. ప్రోలాగ్ తన ఇంట్లో తాను ఉంటుంది, హైపర్‌మీడియా తన ఇంట్లో తాను ఉంటుంది, గోడ మీదుగా మాట్లాడుకుంటాయి. విండోస్‌లో ఆ గోడ పేరు డీడీఈ. టూల్‌బుక్ స్క్రిప్టు భాషలో అవతలి ప్రోగ్రామును విలువ అడగడానికి, విలువ ఇవ్వడానికి, ఆదేశం పంపడానికి మూడు వేర్వేరు ఆజ్ఞలు ఉండేవి. ఆపిల్ 1991లో సిస్టమ్ 7తో ఆపిల్ ఈవెంట్స్ తెచ్చింది, ఆ ఏడాదే వచ్చిన హైపర్‌కార్డ్ 2.1 వాటిని అర్థం చేసుకుంది. ఇందులో లాభం ఏమిటంటే, ప్రోలాగ్ నిద్రపోదు. కార్డు నిద్రపోయినా పక్కింట్లో గుర్తు పదిలంగా ఉంటుంది, ‘ఇంకా?’ అన్న కబురు వచ్చాక కృష్ణుణ్ణి పంపుతుంది. నష్టం, ప్రతి కబురూ పాఠంగా మారి వెళ్లి పాఠంగా రావాలి. ఈ లోపల అతిథి దారి కూడా బాగుపడింది. విండోస్‌లో బయటి కోడ్‌ను ఉంచే డీఎల్ఎల్‌కు తన జ్ఞాపకం తనకు ఉంటుంది. 1990లలో వచ్చిన ఆమ్‌జీ ప్రోలాగ్‌ను దాని తయారీదారులు లాజిక్ సర్వర్ అని పిలిచారు. దానికి ప్రశ్న పంపే పిలుపు ఒకటి, అదే ప్రశ్నకు మరో జవాబు తెమ్మనే పిలుపు ఇంకొకటి, విడివిడిగా పెట్టారు. చిన్న విషయంలా కనబడుతుంది గానీ, ఈ వ్యాసం అడిగే ప్రశ్నకు తిన్నగా సమాధానం చెప్పిన పనిముట్టు అది.

ఇక్కడ అనుభవజ్ఞులు ఒక అభ్యంతరం చెబుతారు, బలమైనదే. ఇంత రాద్ధాంతం దేనికి, జవాబులన్నీ ఒకేసారి జాబితాగా తీసుకుంటే సరిపోదా అంటారు. ప్రతి ప్రోలాగ్‌లోనూ దానికి ఏర్పాటు ఉంది. మేనమామలిద్దర్నీ ఒక జాబితాలో పెట్టి కార్డుకిస్తే కార్డు రెండు బటన్లు చూపిస్తుంది, గుర్తుల గొడవే ఉండదు. ఒప్పుకుంటాను. జవాబులు పదో ఇరవయ్యో అయితే అదే చేయాలి, ఆ పని ఏ ప్రోలాగ్‌తోనైనా అవుతుంది. కానీ మూడు సందర్భాల్లో ఈ ఉపాయం చేతులెత్తేస్తుంది. ఒకటి, ప్రతి జవాబుకూ బోలెడు వెతుకులాట పడేటప్పుడు. చదివేవాడికి మొదటి జవాబు చాలు, మిగతావాటికి అతణ్ణి కాచుకోబెట్టడం న్యాయం కాదు. రెండోది, జవాబులకు అంతే లేనప్పుడు. ఈ కార్డు నుంచి ఆ కార్డుకు ఎన్ని దారులు అని అడిగితే, చుట్టూ తిరిగి వచ్చే దారుల్నీ లెక్కేస్తే అవి అనంతం. మూడోది, నాకు ముఖ్యమైనది: జవాబు మధ్యలో చదివేవాణ్ణి తిరిగి అడగాల్సి వచ్చినప్పుడు. ‘నొప్పి ఎడమవైపా, కుడివైపా’ అని నియమం సగంలో ఆగి అడిగి, సమాధానాన్ని బట్టి ముందుకు సాగే సలహా ప్రోగ్రాముల్లో జాబితా ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడ ఆగిన లెక్కను ఆగినట్టే దాచి ఉంచగలగాలి. అందుకే జాబితా ఉపాయం మంచి మందే గానీ, పనిముట్టు ఎంపికలో దాన్నే కొలతగా పెట్టుకుంటే ప్రోలాగ్‌ను పాత ఫైళ్ల బీరువా స్థాయికి దించినట్టే.

అంతులేని దారుల ప్రస్తావన వచ్చింది గనుక ఇంకో పరీక్ష కూడా చెప్పాలి. కుటుంబ వృక్షంలో చక్రాలు ఉండవు, తండ్రి కొడుక్కి మనవడు కాలేడు. లంకెల్లో చక్రాలే చక్రాలు. అభిమన్యుడి కార్డు నుంచి కృష్ణుడికి, అక్కణ్ణుంచి అర్జునుడికి, అక్కణ్ణుంచి మళ్లీ అభిమన్యుడికి. ‘ఇక్కణ్ణుంచి అక్కడికి చేరగలమా’ అనే నియమాన్ని పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రాస్తే మామూలు ప్రోలాగ్ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది, తెర బిగుసుకుపోతుంది. చూసేసిన కార్డుల జాబితా వెంట మోసుకెళ్లడం పాత పరిష్కారం. అడిగిన ప్రశ్నల్నీ వచ్చిన జవాబుల్నీ పట్టికలో రాసుకుని, అదే ప్రశ్న మళ్లీ ఎదురైతే పట్టిక చూసుకునే టేబ్లింగ్ పద్ధతి మెరుగైనది. దాన్ని గట్టిగా ఒంటబట్టించుకున్నది న్యూయార్క్ రాష్ట్రం స్టోనీ బ్రూక్‌లో పుట్టిన ఎక్స్‌ఎస్‌బీ. దాని వెనకున్న డేవిడ్ ఎస్. వారెన్ వేరు, 1983లో ప్రోలాగ్ కంపైలర్లకు నమూనా యంత్రం రూపొందించిన డేవిడ్ హెచ్. డి. వారెన్ వేరు. ఈ ఇద్దరినీ కలిపేసి ఒకే కార్డు తయారుచేసిన పుణ్యాత్ములు ఎంతమందో! ఇప్పుడు, ముందు ముందు చెప్పుకోబోయే ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌లోనూ టేబ్లింగ్ ఉంది. హైపర్‌మీడియా కోసమని ప్రోలాగ్ ఎంచుకుంటూ ఇది ఉందో లేదో చూడకపోవడం, బావి తవ్వించి చేదకు తాడు మరిచిపోవడమే.

రెండో అభ్యంతరం వేరే వైపు నుంచి వస్తుంది. గుమ్మం దగ్గరే ఇంత బాధ ఉంటే గుమ్మమే లేని ఇల్లు కట్టుకోవచ్చు కదా? డాస్ రోజుల్లో వచ్చిన నాలెడ్జ్‌ప్రో అలాంటిదే. అచ్చమైన ప్రోలాగ్ కాకపోయినా నియమాలూ హైపర్‌టెక్స్టూ ఒకే భాషలో ఒకే కప్పు కింద ఉండేవి. నియమం ఒక మాటను వెలిగిస్తుంది, ఆ మాట నొక్కితే ఇంకో నియమం నడుస్తుంది. వాడుకకు హాయి. కానీ ఇలా కలిసిపోయినవి కలిసే పోతాయి. ఆపిల్ 2004లో హైపర్‌కార్డ్ అమ్మకం ఆపేసింది. దాని లోపల రాసిన స్క్రిప్టులూ లంకెలూ పాత యంత్రాలు ఉన్నవాళ్లకీ, ఎమ్యులేటర్లు నడపగలిగినవాళ్లకీ మాత్రమే మిగిలాయి. అదే లంకెల్ని పక్కన మామూలు పాఠం ఫైల్లో ఎడిన్‌బరా పద్ధతి ప్రోలాగ్‌లో రాసుకున్నవాళ్లు, ఆ ఫైలును దాదాపు అలాగే ఇవాళ్టి ప్రోలాగ్‌లోకి ఎక్కించవచ్చు. ఆ పద్ధతే 1995లో ఐఎస్‌ఓ ప్రమాణమైంది. టర్బో ప్రోలాగ్ వాళ్లకు ఈ అదృష్టం లేదు, వాళ్ల ప్రకటనలు వేరే ఏ ప్రోలాగూ చదవదు. దాని వారసుడు విజువల్ ప్రోలాగ్ మరింత దూరం వెళ్లి సొంత భాషే అయింది. లంకెలు కార్డుల లోపల కాక విడిగా ఉండాలన్న మాట ప్రోలాగ్ వాళ్లు ఒక్కరే అనలేదు. బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఇంటర్‌మీడియా లంకెల్ని పత్రాల్లో రాయకుండా విడి డేటాబేసులో ఉంచింది. వెండీ హాల్ బృందం సౌతాంప్టన్‌లో తయారుచేసిన మైక్రోకాజ్మ్ ఇంకో అడుగు వేసి, ఒక మాట ఎక్కడ కనబడినా ఒకే లంకె వర్తించేలా లంకెల భాండారం పెట్టింది. నియమాలతో నడిచే లంకె అంటే ఆ దారిలో తర్వాతి మజిలీయే.

ఇప్పటి హైపర్‌మీడియా అంటే బ్రౌజరే. వెబ్ వచ్చాక సమస్య తీరిందనుకున్నారు, నిజానికి ముదిరింది. హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ప్రతి నొక్కూ కొత్త కబురు, జవాబు పంపాక సర్వర్ చేతులు దులుపుకుంటుంది. 1987 నాటి ఎక్స్‌ఎఫ్‌సీఎన్ గుమ్మమే ఇప్పుడు ఖండాంతరాలు దాటిందన్నమాట. యాన్ వీలెమేకర్ 1987లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ ఈ విషయంలో ఎక్కువ ఆలోచించిందని నా అంచనా. వెబ్ సర్వర్ దానిలోనే ఉంది. టోర్బ్యోర్న్ లాగర్‌తో కలిసి వీలెమేకర్ చేసిన పెంజిన్స్ చేసే పని ఇదే: బ్రౌజర్ ప్రశ్న పంపితే సర్వర్‌లో దాని పేరున ఒక ప్రోలాగ్ ఇంజన్ లేచి, మొదటి జవాబు పంపి, గుర్తు పెట్టుకుని కూర్చుంటుంది. ‘ఇంకా’ అని కబురొస్తే లేస్తుంది, ‘చాలు’ అంటే పోతుంది. సీ భాష నుంచి పిలిచేవాళ్లకూ ప్రశ్న తెరవడం, తర్వాతి జవాబు అడగడం, మూసేయడం అని మూడు పిలుపులున్నాయి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పద్ధతిలో ప్రశ్నలు పళ్లేల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేరుస్తాయి, పైదాన్ని తీయకుండా కిందిదాన్ని కదపలేం. చదివేవాడు అభిమన్యుడి కార్డులో ఒక ప్రశ్న అడిగి, ఘటోత్కచుడి కార్డుకు వెళ్లి ఇంకొకటి అడిగి, మళ్లీ వెనక్కి వచ్చి మొదటిదానికి ‘ఇంకా’ అంటే దొంతర ఒప్పుకోదు. హైపర్‌మీడియా చదివేవాడు చేసేది ఎప్పుడూ ఇదే. అందుకే దేనికదే విడిగా నడిచే ఇంజన్లు ఆ తర్వాత చేర్చారు. ఇంటర్నెట్ లేని చోట, ఒకే పేజీలో అంతా ఇమిడిపోవాలనుకుంటే జావాస్క్రిప్ట్‌లో రాసిన టౌ ప్రోలాగ్ ఉంది. అది ఒక్కో జవాబునూ ఒక్కో పిలుపుతో ఇస్తుంది, గుర్తు ఆ పేజీలోనే ఉంటుంది. ఎస్‌డబ్ల్యూఐ వెబ్‌అసెంబ్లీ రూపం కూడా బ్రౌజర్‌లో నడుస్తుంది, బరువు ఎక్కువ. ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా కథలు అల్లే ట్వైన్ వంటి వాటితో టౌ ప్రోలాగ్ జత నాకు బాగా కుదిరినట్టు అనిపిస్తుంది. వేగం తక్కువే, కానీ నాలుగొందల వరుసల నియమాలకు ఆ తేడా కంటికి ఆనదు.

డేటాబేసు వాళ్ల అభ్యంతరం మిగిలింది. మేనమామను కనుక్కోవడానికి రెండు పట్టికలు కలిపే ఎస్‌క్యూఎల్ వాక్యం ఒకటి చాలు, 1999 ప్రమాణం నుంచి తనను తాను పిలుచుకునే ప్రశ్నలూ ఉన్నాయి, ఎస్‌క్యూలైట్ కూడా 2014 నుంచి వాటిని నడుపుతోంది, జవాబుల్ని ఒక్కొక్కటిగా అందుకునే కర్సర్లూ ఉన్నాయి అంటారు. అన్నీ నిజం. లంకెలు స్థిరమైన పట్టికలే అయితే ప్రోలాగ్ జోలికి వెళ్లొద్దని నేనే చెబుతాను. తేడా ఎక్కడ వస్తుందంటే, నియమాన్నే చదివేవాడికి చూపించాల్సి వచ్చినప్పుడు. ‘శశిరేఖ మరదలు ఎలా అయింది’ అని నొక్కితే, తల్లి సుభద్ర, ఆమె అన్న బలరాముడు, అతని కూతురు శశిరేఖ అని మెట్టు మెట్టుగా చూపడం, ప్రతి మెట్టూ మళ్లీ ఒక కార్డుకు లంకె కావడం. ప్రోలాగ్‌లో నియమం కూడా డేటాయే కాబట్టి, నియమాల్ని చదివి నడిపిస్తూ దారి రాసుకునే చిన్న వ్యాఖ్యాత పది వరుసల లోపే అవుతుంది. నేను టర్బో ప్రోలాగ్‌ను పక్కన పెట్టింది కూడా ఈ సౌకర్యం కోసమే. ఎస్‌క్యూఎల్ జవాబు చెబుతుంది, ఆ జవాబు ఏ దారిన వచ్చిందో చెప్పే పని మళ్లీ మనమే రాసుకోవాలి.

గుమ్మం దాటేది పాఠమే కాబట్టి, ఆ పాఠం సురక్షితంగా దాటుతుందా అన్నది చిన్న విషయంగా కనబడే పెద్ద విషయం. చాలా స్క్రిప్టులు చదివేవాడు టైపు చేసిన పేరును ప్రశ్నలో అతికించి ప్రోలాగ్‌కు పంపేస్తాయి. పేరులో ఒక్క కొటేషన్ గుర్తు ఉంటే ప్రశ్న విరిగిపోతుంది, అది చిన్న ప్రమాదం. పెట్టెలో పేరుకు బదులు ఫైలు చెరిపేసే ఆజ్ఞ టైపు చేస్తే అదీ నడుస్తుంది, అది పెద్దది. విలువను విలువగానే అందుకునే పిలుపు ఉన్న పనిముట్టునే తీసుకోవాలి, బయటివాళ్లు ప్రశ్నలు అడిగే చోట ప్రమాదకరమైన ఆజ్ఞల్ని ఆపే కంచె ఉండాలి. ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌ను బ్రౌజర్‌లో అందరికీ తెరిచిపెట్టిన స్విష్‌లో ఆ కంచె ఉంది. తెలుగు వాళ్లకు ఇంకో చూపు కూడా అవసరం. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే మన లిపి ఉంది గానీ, ప్రతి ప్రోలాగూ దాన్ని ఒకేలా అందుకోలేదు. ఒత్తులూ గుణింతాలూ విడి సంకేతాలు కాబట్టి, ‘కృష్ణుడు’ అన్న మాట గోడకు ఇటువైపు అక్షరాల్లోనూ అటువైపు బైట్లలోనూ కొలిస్తే మధ్యలో తెగిపోతుంది. కొనకముందే ఈ ఒక్క పేరు పంపి, తిరిగి తెప్పించి చూడటం మంచిది.

ఈ లెక్కన ఇవాళ నా ఎంపిక ఇది. వెబ్‌తో పనిచేసేవాళ్లకు ఎస్‌డబ్ల్యూఐ, ఒంటరి పేజీకి టౌ, విండోస్‌కే కట్టుబడి అమ్మకపు సరుకు చేసేవాళ్లకు లండన్ వాళ్ల విన్-ప్రోలాగ్, వ్యాపార స్థాయి మద్దతు కావాలంటే స్వీడన్‌లో పుట్టిన సిక్‌స్టస్. వీటిలో దేన్నైనా ఖాయం చేసుకునేముందు పావుగంట పరీక్ష ఒకటి పెట్టుకోవచ్చు. పైన రాసిన నాలుగు వరుసలకు ‘తల్లి(హిడింబ, ఘటోత్కచుడు).’ అన్న వరుస చేర్చి ఎక్కించి, అభిమన్యుడి కార్డులో ‘మేనమామ’ నొక్కండి, బలరాముడు వస్తాడు. అక్కణ్ణుంచి ఘటోత్కచుడి కార్డుకు వెళ్లి అతని తల్లి ఎవరని అడగండి. కాసేపు అటూ ఇటూ తిరిగి వెనక్కి వచ్చి ‘ఇంకా’ నొక్కండి. మళ్లీ బలరాముడే వస్తే ఆ పనిముట్టు ప్రశ్నను మరిచిపోయి కొత్తగా అడిగింది. హిడింబ వస్తే రెండు ప్రశ్నల్నీ కలిపేసింది. కృష్ణుడు వస్తే తీసుకోండి. ఆ తర్వాత జవాబు వినకుండానే కిటికీ మూసేసి, కాసేపటికి మెమరీ వాడకం ఎంత తగ్గిందో కూడా చూడండి. రెండో జవాబును దాచుకోవడం తెలిసిన ప్రోలాగ్‌లు కొన్ని, దాన్ని ఎప్పుడు పారేయాలో తెలియక మూటలు పేర్చుకుంటూ పోతాయి.